రెండో హ్యాండిల్

కోటేష్ చేతిని ప్రెస్సు కింద పెట్టినప్పుడు నాకు కొంచెం కూడా జాలి కలగలేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. తర్వాత ఏం జరిగిందో విని, పాపం ఆడమనిషి, తమ్ముడి బాధలో ఏదో చేసిందిలే అని ఎవరూ నా తరఫున సర్ది చెప్పక్కర్లేదు.

నా పేరు సువర్ణ. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిది కాదు, చెయ్యి అంతకన్నా మంచిది కాదు. నా మొగుడికి పినపాకలో లారీ పని దొరికింది. నెలకోసారి వస్తాడు. పని దూరమై కాదు, పెళ్ళాం నోరు దగ్గరై పోయాడని తండా ఆడవాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. వాళ్ళ ఇంట్లో మోటారు చెడిపోతే మళ్ళీ నా గుమ్మం తొక్కాల్సిందే. ఐటీఐలో మెషినిస్టు చదివి, ఇంటి వెనక రేకుల షెడ్డులో లేత్, డ్రిల్లు, చేతి ప్రెస్సు పెట్టుకున్నాను. అశ్వారావుపేట చుట్టూ పామాయిల్ తోటల్లో ఏ చిన్న ఇనప ముక్క కావాలన్నా మా గుట్టకింది తండాకే వస్తారు.

గుండ్రటి బెజ్జం ఎవడైనా వేస్తాడు. నాలుగు మూలల బెజ్జం వెయ్యడమే పని. ముందు డ్రిల్లుతో గుండ్రంగా తొలవాలి. తర్వాత బ్రోచ్ దించాలి. బ్రోచ్ అంటే పళ్ళున్న ఉక్కు కడ్డీ, కింద సన్నం, పైకి పోయేకొద్దీ లావు. నూనె పోసి ప్రెస్సు పిడి లాగితే ఒక్కో పన్ను ఇనుమును గీరుకుంటూ దిగుతుంది, ఇనుము కీచుమంటుంది. కడ్డీ అవతల పడేసరికి గుండ్రం పోయి చదరం వస్తుంది. ఆ కీచు నాకు ఐటీఐ రోజుల నుంచి ఇష్టం.

ఐదేళ్ళ కిందట మా బాపు హీరాలాల్, తోటల్లో కరెంటు స్తంభం మీద ఉండగా, కింద ఎవడో ట్రాన్స్‌ఫార్మర్ స్విచ్ వేశాడు. ఎవడు వేశాడో ఈనాటికీ తెలియదు. బాపు దినాలు కాకముందే నేను ఆ స్విచ్ పిడి కోసి పారేశాను. మిగిలిన రాడ్డు చివరను నాలుగు పలకలుగా అరగదీసి, పానా పట్టకుండా చుట్టూ గొట్టం వెల్డింగ్ చేశాను. ఆ గొట్టంలోకి దూరేటట్టు పొడుగు ముక్కు హ్యాండిల్ ఒకటి చేశాను. ఒక్కటంటే ఒక్కటే. దాని బెజ్జం పదిహేడు మిల్లీలు. పదహారుది ఎక్కదు, పద్దెనిమిదిది జారుతుంది. పదిహేడు బ్రోచ్ మా చుట్టుపక్కల ఎక్కడా దొరకదు, నేనే చేసుకున్నాను. కరెంటు ఆఫీసు వాళ్ళు చూస్తే కేసు పెడతారు కదా అని ఎవరో అన్నారు. పెట్టుకోనీ అన్నాను.

తండా వాళ్ళందరినీ నిలబెట్టి పద్ధతి చెప్పాను. స్తంభం ఎక్కేవాడు కరెంటు ఆపి, హ్యాండిల్ ఊడదీసి, మొలకు కట్టుకుని ఎక్కాలి. దిగాక దాన్ని మళ్ళీ స్విచ్‌కే పెట్టాలి. స్విచ్‌కు హ్యాండిల్ లేకపోతే పైన మనిషి ఉన్నట్టు. హ్యాండిల్ మన చేతిలో ఉంటే పైన ఎవరూ లేనట్టు. అది పోతే ముందు నాకు చెప్పాలి. రాడ్డు చివర పదిహేనుకు అరగదీసి కొత్త హ్యాండిల్ చేస్తాను. అప్పుడు పాతది ఎక్కడ దొరికినా ఉత్త ఇనుమే, దేనికీ పట్టదు.

బాపు తర్వాత స్తంభాలెక్కే పని నా తమ్ముడు జైరాం చేశాడు. మంచివాడు, మతిమరుపువాడు. రెండేళ్ళ కిందట వాడు హ్యాండిల్‌ను చాయ్ హోటల్లో మర్చిపోయి వచ్చాడు. నేనే పోయి తెచ్చాను. నలుగురి ముందు అదే హ్యాండిల్‌తో వాడి భుజం మీద రెండు దెబ్బలు వేశాను. వాడు అడ్డం పెట్టుకోలేదు. నెల రోజులు ఆ చెయ్యి పైకి లేవలేదు. దెబ్బకు దెయ్యం వదులుతుందంటారు, నా తమ్ముడికి మతిమరుపు వదిలిందని ఊరంతా చెప్పుకుని తిరిగాను.

కోటేష్ జైరాంకి బడి నాటి దోస్తు. వాళ్ళ తాతలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి మా పక్కన భూములు కొన్నారు, ఇప్పుడు పామాయిల్ తోట. ఎండాకాలంలో ఒక పొద్దున కోటేష్ షెడ్డుకు పరిగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో టిఫిన్ డబ్బా, దాంట్లో జొన్నపిండి ముద్ద, ముద్దలో నాలుగు మూలల అచ్చు.

"గేట్ వాల్వు హ్యాండిల్ పోయిందక్కా. వాల్వు గుంతలో ఉంది, ముక్కు పొడుగ్గా ఉండాలి. జల్దీ చేసియ్యి" అన్నాడు.

"వాల్వు తెమ్మంటే రొట్టె తెచ్చినవేందిరా? నీ పెళ్ళాం వంట నాకెందుకు?"

"తోట ఎండిపోతాంది అక్కా, నీకు దణ్ణం పెడతా."

"ఎండితే ఎండనీ. మీరంతా పని చెడగొట్టుకునేదాకా పండుకుని, చెడినంక నా నెత్తిన కూసుంటరు."

వాణ్ణి అరగంట తిట్టాను. తిడుతూనే అచ్చు కొలిచాను. పదిహేడు. బ్రోచ్ తీస్తుంటే చెయ్యి ఒక్క క్షణం ఆగింది. పాత వాల్వులు అంగుళాల లెక్కలో వస్తాయి, మిల్లీలకు కుదరవు, అంతేలే అనుకున్నాను. అసలు నిజం ఏమిటంటే, చూడడం కన్నా తిట్టడం మీదే నాకు ఎక్కువ ధ్యాస. గంటలో హ్యాండిల్ చేసి వాడి మీదికి విసిరేశాను.

రెండు నెలలకు తొలి వానలు పడ్డాయి. గాలికి పామాయిల్ మట్ట ఒకటి విరిగి తీగల మీద పడింది. జైరాం కరెంటు ఆపి, హ్యాండిల్ మొలకు కట్టుకుని, కోటేష్ తోట లోపల నాలుగో స్తంభం ఎక్కాడు. అక్కడి నుంచి ట్రాన్స్‌ఫార్మర్ కనబడదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి నుంచి వాడూ కనబడడు. వాడు మట్ట పట్టుకుని లాగుతుండగా కరెంటు వచ్చింది.

కేకలు విని పరిగెత్తాను. జైరాం స్తంభం కింద బురదలో పడి ఉన్నాడు. కుడిచెయ్యి నల్లగా మాడి, వేళ్ళు ముడుచుకుపోయాయి. కాలిన వాసన వానలో కూడా పోలేదు. మొలకు హ్యాండిల్ కట్టే ఉంది. నేను ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి ఉరికాను. స్విచ్‌కు ఇంకో హ్యాండిల్ ఉంది. రెండూ నా చేతి పనే. రెండోది ఎవడు చేయించుకున్నాడో నాకు తెలుసు. ఆ పొద్దున కోటేష్, నీళ్ళు పెట్టుకోవాలి, కరెంటు ఇంకెంతసేపురా అని జైరాం మీద అరిచాడని కూలోళ్ళు చెప్పారు. నాకు ఇక వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. స్విచ్‌కు ఉన్న హ్యాండిల్ ఊడబీకి సంచిలో వేసి, షెడ్డులో తుక్కు మూలకు విసిరేశాను.

ఖమ్మం దవాఖానాలో మూడో రోజు జైరాం చెయ్యి మోచేతి కిందికి తీసేశారు. వాడి పెళ్ళాం గోరి అక్కడే ఉండిపోయింది. నేను తిరిగొచ్చి, కోటేష్ తోట మూల మూలా తిరిగి చూశాను. గుంత లేదు, గేట్ వాల్వు లేదు. ఇంటికొచ్చి పదిహేడు బ్రోచ్‌ను సాన పట్టాను. దేనికి పడుతున్నానో నాకు తెలుసు. పోలీసులకు చెప్పాలనే ఆలోచన రాలేదు. చెయ్యికి చెయ్యి, అంతే.

పదకొండో రోజు పొద్దున పది గంటలకు కోటేష్ తనే వచ్చాడు. గడ్డం పెరిగి, కళ్ళు లోపలికి పోయి ఉన్నాడు.

"నీతో ఒక మాట చెప్పాలక్కా" అన్నాడు.

"చెప్దువు గాని, లోపలికి రా."

లోపలికి రాగానే తలుపు గడియ పెట్టాను. లేత్ మీద అంగుళం రాడ్డు ఉంది. దాంతో మోకాలి చిప్ప మీద కొట్టాను. అమ్మా అని కూలబడ్డాడు. రెండోసారి ఎత్తేసరికి రాడ్డు పట్టుకుని నన్ను తోశాడు. డ్రిల్లు బల్ల అంచు నా నుదుటికి తగిలి పగిలింది, నెత్తురు కంట్లోకి కారింది. ఆ నెత్తురు చూసి వాడే భయపడి రాడ్డు వదిలేశాడు. "అయ్యో అక్కా" అన్నాడు కూడా. నేను ఆ మాట విన్నాను, విని కూడా ఆగలేదు. మెడ పక్క ఎముక మీద కొట్టాను. అది విరిగిన చప్పుడు నా మణికట్టుకు తెలిసింది. వాడు ప్రెస్సు మీదికి ఒరిగాడు. కుడిచెయ్యి పట్టి ఇనప పలక మీద పరిచి, పిడి దించాను. బ్రోచ్ మొన అరచేతి వెనక దిగబడి కూర్చుంది. చర్మం తెగింది.

"ఏ చేత్తో వేసినవ్‌రా స్విచ్చు?"

"నేను వెయ్యలేదక్కా! మా అమ్మ తోడు!"

"గేట్ వాల్వు అన్నవ్ కదా. ఏదిరా నీ గేట్ వాల్వు?"

"లేదక్కా. అబద్ధం చెప్పాను."

"ఎందుకు చెప్పినవ్?"

"జైరాం చెప్పమన్నాడు. ఆ హ్యాండిల్ వాడికే. నాకు కాదు."

నాకు కన్నూ మిన్నూ కానలేదు. చెయ్యి పోయి మంచం మీదున్న నా తమ్ముడి మీదికి తప్పు నూకుతున్నాడా?

"థూ! దోస్తువా నువ్వు? వాని చెయ్యి తిన్నది సాలలేదా, వాని పేరు కూడ తింటవా?"

పిడి లాగాను. బ్రోచ్ దిగింది. మొదటి రెండు పళ్ళు మాంసంలోకి పోయాయి, మూడో పన్ను దగ్గర ఎముక పటుక్కుమంది. కోటేష్ అరుపుకు రేకులు అదిరాయి. తలుపు బయట ఎవరో వచ్చి కొట్టారు. "పని మీదున్న, పోండి!" అని అరిచాను. నా గొంతు విని పోయారు. మా తండాలో నా గొంతుకు అంత విలువ.

"ఫోన్ చెయ్యక్కా" అన్నాడు కోటేష్. పెదవులు తెల్లబడ్డాయి, మాట సగం సగం వస్తోంది. "జైరాంకే చెయ్యి. వాడు కాదంటే మొత్తం దించెయ్. నేను కదలను."

కుడిచెయ్యి పిడి మీదే ఉంచి ఎడమ చేత్తో ఫోన్ చేశాను. గోరి ఎత్తింది.

"వదినా, ఇప్పుడే లేచిండు. రెండు ముద్దలు తిన్నడు" అంది సంతోషంగా.

"ఫోన్ వాని చెవి కాడ పెట్టు."

జైరాం ఊపిరి వినబడింది.

"జైరాం, ఆ రెండో హ్యాండిల్ ఎవరు చేయించిండ్రు?"

ఫోన్ చెవికి అదుముకున్నాను. పిడి కదిలి కోటేష్ మూలిగాడు.

"చెప్పురా."

"బాయీ..." అన్నాడు. మా భాషలో అక్కను బాయీ అంటాం. "నేనే చేయించిన బాయీ. మొదటిది కాల్వల పడిపోయింది. పని అయినంక ఎండకు తట్టుకోలేక కాల్వల మునిగిన, మొలకు కట్టింది జారిపోయింది. ఎంత దేవినా దొరకలే. కింద కరెంటు కోసం అందరు మొత్తుకుంటుండ్రు. కోటేష్‌ను బతిలాడి పంపిన. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్న. వాన్ని ఏమనకు."

"పోతే చెప్పాలె అన్న కదరా! రాడ్డు మార్చేదాన్ని కదరా! గంట పని, ఒక్క గంట పనిరా! ఎందుకు చెప్పలే?"

"చెప్తే కొడ్తవు కదా బాయీ."

నిష్ఠూరంగా అనలేదు. వానలో పోతే తడుస్తాం కదా అన్నట్టు అన్నాడు. ముప్పై ఏళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, చెయ్యి పోయినవాడు, నాతో ఆ మాట అన్నాడు. నాకు ఏడుపు రాలేదు.

"బాయీ, ఆడ ఎవరు ఏడుస్తుండ్రు?" అని అడిగాడు.

ఫోన్ కట్ చేశాను.

పిడి మెల్లగా పైకెత్తాను. బ్రోచ్ బయటికి వచ్చింది, పళ్ళ మధ్య మాంసం ఇరుక్కుని ఉంది. కోటేష్ నేల మీదికి జారి, చేతిని కడుపుకు అదుముకున్నాడు. నేను తుక్కు మూలకు పోయి సంచి విప్పాను. నేను చేసిన ప్రతి ముక్క మీద నెల, సంవత్సరం పంచ్ కొడతాను. స్విచ్ నుంచి నేను ఊడబీకిన హ్యాండిల్‌ను వెలుగులోకి తెచ్చి చూశాను. దాని మీద ఐదేళ్ళ కిందటి సంవత్సరం ఉంది, బాపు పోయిన నెల ఉంది. నాలుగు మూలల్లోనూ కాల్వ ఒండ్రు ఎండి గట్టిపడి ఉంది, నాచు పోగు ఒకటి అతుక్కుని ఉంది. పదకొండు రోజులు అది నా షెడ్డులోనే పడి ఉంది. ఇనుము చూసి కొలత చెప్పేదాన్ని, ఒక్కసారి తిప్పి చూడలేదు.

"ఇది కాల్వలకెల్లి ఎవరికి దొరికింది?"

కోటేష్ నా చేతిలో ఉన్న హ్యాండిల్ వైపే చూస్తూ చెప్పాడు.

"దేవ్లా తాతకి. మిరప చేను కాడ కాల్వలో పూడిక తీస్తుంటే పారకు తగిలిందంట. చూస్తే మోటారు ఆగిపోయుంది, స్విచ్‌కి హ్యాండిల్ లేదు. ఊడి కొట్టుకొచ్చిందనుకున్నాడు. పైన ఎవరన్నా ఉన్నారేమో అని ఒక్క నిమిషం ఆలోచించాడంట అక్కా. హ్యాండిల్ నా చేతుల్నే ఉంది కదా, పైన ఎవరుంటరు, సువర్ణ చెప్పింది కదా అనుకుని పెట్టి తిప్పేశాడు. ఆ రోజు నుంచి మా ఇంటి వెనక పాకలో దాక్కున్నాడు. అన్నం తినట్లేదు. నువ్వు చంపేస్తావని వణికిపోతున్నాడు. ఆ మాట చెప్దామనే వచ్చాను."

దేవ్లా తాతకు డెబ్బై ఏళ్ళు. నేను చెప్పిన పద్ధతిని మా తండాలో అక్షరం తప్పకుండా పాటించింది ఆ ముసలాయన ఒక్కడే. హ్యాండిల్ చేతిలో ఉంటే పైన ఎవరూ లేనట్టు. నేనే చెప్పాను, నిలబెట్టి చెప్పాను. జైరాం నిజం చెప్పి ఉంటే రాడ్డు మారేది, ఆ పాత ముక్క దేనికీ పట్టేది కాదు. జైరాం నిజం ఎందుకు చెప్పలేదో ఇప్పుడే విన్నాను.

నా చీర కొంగు చింపి కోటేష్ చేతికి కట్టాను. కడుతుంటే వాడు ఇటు తిరిగి చూడలేదు. బండి వెనక కూర్చోబెట్టుకుని అశ్వారావుపేట దవాఖానాకు తీసుకుపోయాను. దారంతా వాడు నా భుజం పట్టుకోలేదు, ఎడమ చేత్తో వెనక కడ్డీ పట్టుకునే కూర్చున్నాడు. గుంత వచ్చినప్పుడల్లా మూలుగు వినబడింది.

డాక్టరమ్మ కట్టు విప్పి చూసి, నా నుదుటి వైపు కూడా చూసింది.

"చేతికి ఏమైంది? ఈ మెడ పక్క ఎముక ఎట్ల విరిగింది?"

కోటేష్ ఒక్కసారి నన్ను చూశాడు.

"మిషన్లో నేనే పెట్టుకున్నానండి. పొరపాటున. నొప్పికి కింద పడితే మెడకి బల్ల తగిలింది. అక్కది ఏం లేదు, ఆపబోయి ఆమెకీ దెబ్బ తగిలింది."

డాక్టరమ్మ కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టింది. వాడు ఎంత చక్కగా అతికినట్టు చెప్పాడో! బండి మీద దారంతా మనసులో అల్లుకున్నట్టున్నాడు. జొన్నపిండి ముద్ద పట్టుకుని వచ్చిన రోజు కూడా గేట్ వాల్వు సంగతి ఇంతే చక్కగా చెప్పాడు.

నుదుటి నెత్తురు మళ్ళీ కంట్లోకి కారింది. తుడుచుకుందామని చెయ్యి ఎత్తాను. అంతే, కోటేష్ స్టూలు మీద ముడుచుకుపోయి, మిగిలిన ఆ ఒక్క మంచి చేతిని తల మీద అడ్డం పెట్టుకున్నాడు.

నా చెయ్యి అట్లాగే గాల్లో ఉండిపోయింది. డాక్టరమ్మ రాయడం ఆపి మా ఇద్దరినీ చూసింది. చాయ్ హోటల్ ముందు జైరాం ఇట్లా అడ్డం కూడా పెట్టుకోలేదు. వాడు అప్పటికే అలవాటుపడ్డాడు.

చెయ్యి దించుకుని చీర మీద పెట్టుకున్నాను.

"అది రాయకండి మేడం" అన్నాను. "ఆయన అబద్ధం చెప్తుండు. నేనే కొట్టిన, నేనే ప్రెస్సు కింద పెట్టి నొక్కిన. ఆయన తప్పు ఏం లేదు."

"ఊరుకో అక్కా" అన్నాడు కోటేష్, ఇంకా చెయ్యి దించకుండానే.

"నువ్వు భయపడకురా. నాకు భయపడి ఇంకెవరూ అబద్ధం చెప్పొద్దు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "మేడం, స్టేషన్‌కు ఫోన్ చెయ్యండి. ముందు ఆయన చెయ్యి చూడండి, వేళ్ళు కదులుతయేమో చూడండి. నేను యాడికి పోను."

బయటికి వచ్చి గోడవారగా ఉన్న బెంచీ మీద కూర్చున్నాను.